గీత దాటిన గౌను: సరిహద్దు ఊళ్లో పిల్లల బట్టలు ఆన్‌లైన్‌లో అమ్మడం

నిన్న సాయంత్రం ఒకే రకం గౌన్లు రెండు పార్సిల్ కట్టాను. ఒకటి ఇచ్ఛాపురానికి. మేముండే బరంపురం నుంచి సుమారు పాతిక కిలోమీటర్లు, పొద్దున రైల్లో వెళ్లి మధ్యాహ్నం భోజనానికి ఇంటికి వచ్చేయొచ్చు. రెండోది మల్కన్‌గిరికి. ఘాట్లన్నీ దాటి రాత్రంతా బస్సులో కూర్చుంటే గానీ రాని ఊరు. కానీ పన్నుల చట్టానికి దూరాన ఉన్న మల్కన్‌గిరి మా రాష్ట్రం ఒడిశా, పక్కనున్న ఇచ్ఛాపురం పరాయి రాష్ట్రం ఆంధ్రా.

మా వైపు ఇంట్లోంచి పిల్లల బట్టలు అమ్ముకునే ఆడవాళ్లకు వచ్చే చిక్కుల్లో సగం ఈ ఒక్క తేడా లోంచే పుడతాయి. 1936 ఏప్రిల్ 1న ఒడిశా వేరే రాష్ట్రంగా ఏర్పడింది. అంతకుముందు బరంపురం, పర్లాకిమిడి, ఇచ్ఛాపురం అన్నీ మద్రాసు వైపే ఉండేవి. గీత పడింది గానీ చుట్టరికాలు తెగలేదు. మేనత్త సోంపేటలో, ఆడపడుచు పలాసలో, అన్నయ్య విశాఖలో. వాట్సాప్‌లో ఒక పట్టు లంగా ఫొటో పెడితే మొదట అడిగేది వాళ్లే. పర్లాకిమిడి వాళ్లకు పాతపట్నం, రాయగడ వాళ్లకు పార్వతీపురం కూడా ఇలాగే. మహారాష్ట్ర వైపు ధర్మాబాద్‌లో ఉన్న మన వాళ్లకు బాసర ఇదే పరిస్థితి. మొదటి కస్టమర్లే పక్క రాష్ట్రం వాళ్లు కావడం ఊరి నడిబొడ్డున ఉండే షాపులకు తెలియని సంగతి.

పార్సిల్ ఎక్కడ ఆగుతుందో అదే లెక్క

నేను మొదలుపెట్టినప్పుడు అందరూ చెప్పిన మాట ఒకటే: ‘ఏడాదికి 40 లక్షలు దాటే వరకు జీఎస్టీ అక్కర్లేదు.’ నిజమే, వస్తువులు అమ్మేవాళ్లకు ఒడిశాలో, ఆంధ్రప్రదేశ్‌లో, మహారాష్ట్రలో ఆ పరిమితి 40 లక్షలు. తెలంగాణలో 20 లక్షలు. అయితే అది సగం నిజం. ఆ మినహాయింపు సొంత రాష్ట్రంలోనే అమ్ముకునేవాళ్లకు. పన్ను పడే వస్తువు ఒక్కటి రాష్ట్రం దాటి అమ్మినా, టర్నోవర్ (ఏడాది మొత్తం అమ్మకాలు) ఎంత తక్కువైనా, జీఎస్టీ రిజిస్ట్రేషన్ తప్పనిసరి. సేవలు అమ్మేవాళ్లకు ఇందులో వెసులుబాటు ఉంది. జాబితాలో చేర్చిన చేతివృత్తి వస్తువులకు 20 లక్షల వరకు, కొన్ని షరతులతో మినహాయింపు ఉంది. మిషన్ మీద కుట్టిన మామూలు గౌనుకు ఆ రెండూ వర్తించవు.

ఈ సంగతి తెలిసేసరికి నేను ఆంధ్రాకి చాలా పార్సిళ్లే పంపేశాను. తెలిసిన వారంలోనే రిజిస్ట్రేషన్‌కి పెట్టుకుని, పాత అమ్మకాల లెక్కంతా ఒక అకౌంటెంట్‌తో కూర్చుని సరిచేసుకున్నాను. ఆ నెలంతా ఎంత టెన్షన్ పడ్డానో నాకు తెలుసు. అందుకే ఈ ఒక్క విషయం మాత్రం ఎవరు అడిగినా గంట కూర్చోబెట్టి చెబుతాను.

అమ్మకం ఏ రాష్ట్రానిదో తేల్చేది డబ్బు ఎక్కడి నుంచి వచ్చిందన్నది కాదు, సరుకు ఎక్కడికి చేరిందన్నది. గంజాం జిల్లా మగవాళ్లు చాలామంది సూరత్ బట్టల మిల్లుల్లో పనిచేస్తారు. ఒక తండ్రి సూరత్ నుంచి ఫోన్‌పే చేసి, ‘అస్కాలో మా ఇంటికి పంపండి, పాప పుట్టినరోజు’ అంటాడు. డబ్బు గుజరాత్ నుంచి వచ్చినా పార్సిల్ అస్కాలోనే ఆగింది కాబట్టి అది ఒడిశా అమ్మకమే. బిల్లు ఒక చిరునామాకి, సరుకు ఇంకో చిరునామాకి వెళ్లినప్పుడు మామూలు కొనుగోలుదారు విషయంలో డెలివరీ చిరునామానే బిల్లు మీద రాయాలని 2024 జూన్ 26న కేంద్ర పరోక్ష పన్నుల బోర్డు సర్క్యులర్ ఇచ్చింది. దీన్ని తిరగేసి చూడండి. బరంపురంలోనే ఉన్న వదిన డబ్బు కట్టి, పలాసలో చెల్లెలి కొడుక్కి పంపమంటే అది రాష్ట్రం దాటిన అమ్మకం.

ఇచ్ఛాపురం ఆవిడ స్వయంగా మా ఇంటికి వచ్చి, గౌను చూసి, కొని, సంచిలో పెట్టుకుని రైలెక్కితే? బిల్లు మీద ఆవిడ చిరునామా రాయకపోతే అది కౌంటర్ అమ్మకం, ఒడిశాదే. అదే ఆవిడ అదే గౌనును వీడియో కాల్‌లో చూసి కొరియర్‌లో తెప్పించుకుంటే లెక్క మారిపోతుంది. ఆన్‌లైన్‌లోకి అడుగుపెట్టగానే సరిహద్దు షాపు జాతకం మారేది ఇందుకే.

ఇంకో పొరపాటు చాలామంది చేస్తారు, అది కొంచెం ప్రమాదం కూడా. కొరియర్ ఖర్చు తగ్గుతుందని ఇరవై ముప్ఫై గౌన్లు సోంపేటలో అక్క ఇంట్లో పెట్టి, ఆంధ్రా ఆర్డర్లన్నీ అక్కడి నుంచి పంపిస్తారు. అప్పుడు ఆ ఇల్లు మీ వ్యాపార స్థలం అయిపోతుంది, ఆంధ్రాలో ఇంకో రిజిస్ట్రేషన్ కావాలి. అక్కడికి సరుకు తరలించడమే ఒక అమ్మకంతో సమానంగా లెక్కలో చూపాలి. బరంపురం నుంచే పంపితే ఒడిశా రిజిస్ట్రేషన్ ఒక్కటి దేశమంతటికీ చాలు. ‘ఆంధ్రాకి అమ్మాలంటే ఆంధ్రా నంబర్ కూడా తీసుకోవాలా నానీ (అక్కా)?’ అని పక్క వీధి ఒడియా అమ్మాయి భయంగా అడిగింది. అక్కర్లేదు. జీఎస్టీ నంబర్‌లో మొదటి రెండు అంకెలు రాష్ట్రం గుర్తు. ఒడిశాకి 21, ఆంధ్రప్రదేశ్‌కి 37, తెలంగాణకి 36, మహారాష్ట్రకి 27. 21తో మొదలయ్యే నంబర్‌తో హైదరాబాద్‌కైనా ఢిల్లీకైనా పంపొచ్చు. చిరునామాలో పిన్ కోడ్ చూస్తే చాలు, ఏ లెక్కో తెలిసిపోతుంది. బరంపురం వైపు 760, 761. శ్రీకాకుళం వైపు 532. బిల్లు రాసేటప్పుడు నేను మొదట చూసేది అదే.

పెద్ద యాప్‌లలో అమ్మేవాళ్లకు ఇంకో దారి ఉంది. 2023 అక్టోబర్ 1 నుంచి రిజిస్ట్రేషన్ లేని చిన్న అమ్మకందారులు కూడా మార్కెట్‌ప్లేస్ యాప్‌లలో వస్తువులు అమ్ముకోవచ్చు. పాన్ ఇచ్చి జీఎస్టీ పోర్టల్‌లో ఎన్‌రోల్‌మెంట్ నంబర్ తీసుకుంటే చాలు. షరతు ఏమిటంటే అమ్మకం సొంత రాష్ట్రం దాటకూడదు. రాష్ట్రం నడుమ కటక్‌లో ఉన్నావిడకి ఇది బాగానే ఉంటుంది. పర్లాకిమిడిలో ఉన్నావిడకి ఎదురుగా కనిపిస్తున్న పాతపట్నానికి యాప్ ఆర్డర్ వెళ్లదు. పైగా, ఆ నంబర్ తీసుకుని ఇంకోపక్క ఇన్‌స్టాగ్రామ్ ఆర్డర్లు ఆంధ్రాకి పంపితే షరతు తప్పినట్టే. కాంపోజిషన్ పథకమూ అంతే. వ్యాపారులకు టర్నోవర్ మీద 1 శాతం కట్టి ఊరుకోవచ్చని ఆశగా ఉంటుంది కానీ, అందులో ఉన్నవాళ్లు రాష్ట్రం బయటికి అమ్మకూడదు.

కాబట్టి నా అభిప్రాయం స్పష్టంగా చెబుతాను. మీ చుట్టాలు, కస్టమర్లు గీతకు రెండు వైపులా ఉంటే, మొదటి పార్సిల్ కట్టక ముందే మామూలు జీఎస్టీ రిజిస్ట్రేషన్ తీసుకోండి. పోర్టల్‌లో దానికి ఫీజు లేదు. పాన్, ఆధార్, బ్యాంకు ఖాతా, కరెంటు బిల్లు కావాలి. ఇల్లు మామగారి పేరున ఉంటే ఆయన సమ్మతి పత్రం ఇస్తే సరిపోతుంది.

పన్ను నిజంగా ఎంత పడుతుంది

జీఎస్టీ అనగానే లాభమంతా పోతుందని భయపడతారు. ఒక గౌను లెక్క వేసి చూద్దాం.

2025 సెప్టెంబర్ 22 నుంచి ఒక్కోటి 2,500 రూపాయల వరకు ఉన్న దుస్తులకు 5 శాతం పన్ను. అంతకుముందు ఈ గీత 1,000 దగ్గర ఉండేది. గౌను పన్నుతో కలిపి 599కి అమ్మామనుకోండి. అందులో పన్ను 28 రూపాయల 52 పైసలు. గౌను మనకు పడిన ధర 300, దాని మీద కట్టిన పన్ను 15. కొరియర్ 70, దాని మీద 18 శాతం అంటే 12 రూపాయల 60 పైసలు. కట్టాల్సిన దాంట్లోంచి ముందే కట్టిన ఈ రెండూ తీసేస్తే చేతి నుంచి పోయేది 92 పైసలు. కవరు, స్టిక్కర్‌కి 12 రూపాయలు వేసుకుంటే మిగిలేది 188. రిజిస్ట్రేషన్ లేకపోయినా మిగిలేది 189. ఒక్క రూపాయి తేడా.

ఈ లెక్క నిలబడాలంటే ఒక షరతు ఉంది: కొన్నది పక్కా బిల్లుతో కొనాలి, దాని మీద మన నంబర్ ఉండాలి. కొరియర్ బిల్లూ అంతే. కలకత్తా సరుకు, అంటే మేటియాబుర్జ్ వైపు హాట్లలో (సంతల్లో) దొరికే పిల్లల బట్టలు, అందంగా చవగ్గా ఉంటాయి కానీ కొన్నిచోట్ల కచ్చా చీటీయే చేతిలో పెడతారు. ఆ చీటీతో ఆ 15 రూపాయలు తిరిగి రావు. పది రూపాయలు తక్కువకి ఇస్తామని కచ్చా చీటీ ఇచ్చేవాళ్ల కంటే పక్కా బిల్లు ఇచ్చేవాళ్లే నాకు చవక.

అసలు భారం పన్ను కాదు, రిటర్నులు, అంటే అమ్మకాల లెక్క గడువులోగా పోర్టల్‌లో వేయడం. ఒకసారి నంబర్ తీసుకున్నాక కౌంటర్ మీద అమ్మిన జుబ్బా దగ్గర్నుంచి ప్రతి అమ్మకం లెక్కలోకి వస్తుంది. చిన్నవాళ్లు మూడు నెలలకోసారి రిటర్ను వేసే పద్ధతి ఎంచుకోవచ్చు, మధ్య నెలల్లో పన్ను ఉంటే అది మాత్రం కట్టేయాలి. ఆ మూడు నెలల్లో ఒక్క అమ్మకం లేకపోయినా నిల్ రిటర్ను వేయాల్సిందే. మర్చిపోతే రోజుకి 50 రూపాయలు, నిల్ అయితే 20. పురిటికి వెళ్లో, ఇంట్లో ఎవరికో బాగోలేకో వదిలేసినవాళ్లు చాలామంది ఇక్కడే దెబ్బతింటారు. యాప్‌ల ద్వారా అమ్మితే వాళ్లు 0.5 శాతం జీఎస్టీ కింద ముందే పట్టుకుంటారు, అది మన పోర్టల్ ఖాతాలోకి వస్తుంది. దాన్ని వాడుకోకుండా వదిలేయకండి.

పట్టు లంగాల దగ్గర మాత్రం జాగ్రత్త. పన్నుకు ముందు ధర 2,500 అయితే 5 శాతంతో 2,625. అదే 2,600 పెడితే 18 శాతం పడి 3,068 అవుతుంది. మనకు వచ్చేది వంద ఎక్కువ, కొనేవాళ్లకు పడేది 443 ఎక్కువ. బరంపురం పట్టుతో చిన్నపిల్లలకు కుట్టేవాళ్లు అంచు వెడల్పు, జరీ ఎంతన్నది ఈ గీతను చూసుకునే నిర్ణయించుకోవాలి.

సైజు

ఇంత పన్ను గొడవ చెప్పాను కానీ, నిజంగా చిన్న షాపును ముంచేది సైజు.

మూడేళ్ల పాపకి అంటారు. మూడేళ్ల పిల్లలందరూ ఒక్కలా ఉంటారా? మన దేశంలో పిల్లలకు అందరూ పాటించే సైజు పట్టిక అంటూ లేదు. దేశవ్యాప్తంగా నిఫ్ట్ (జాతీయ ఫ్యాషన్ టెక్నాలజీ సంస్థ) చేసిన ఇండియాసైజ్ కొలతల సర్వే కూడా 15 నుంచి 65 ఏళ్ల వారినే కొలిచింది. బజారులో 16, 18, 20, 22 అని నడిచే నంబర్లు అంగుళాలే గానీ, ఒకరి 20 ఇంకొకరి 20తో కలవదు. తిరుప్పూరు బనియన్ గుడ్డ సాగుతుంది, కలకత్తా నెట్ గౌను సాగదు. రెండింటి మీదా ‘2-3 ఏళ్లు’ అనే ఉంటుంది.

అందుకే నేను వయసు అడగడం మానేశాను. ‘అమ్మా, పాపకి ఇప్పుడు సరిగ్గా పడుతున్న గౌను ఒకటి నేల మీద పరవండి. చంక నుంచి చంకకి ఎంత, భుజం నుంచి కింద అంచుకి ఎంత, టేపు పెట్టి ఫొటో తీసి పంపండి’ అంటాను. పిల్లని కొలవమంటే కదులుతుంది, ఏడుస్తుంది, కొలత తప్పుతుంది. గౌను కదలదు. టేపు ఫొటో ఉంటే తర్వాత మాటల పట్టింపూ ఉండదు. నా దగ్గరున్న ప్రతి గౌనుకూ ఇవే రెండు కొలతలు సెంటీమీటర్లలో రాసి పెడతాను. రెడీమేడ్ దుస్తుల మీద సైజు గుర్తుతో పాటు మెట్రిక్ కొలత, ఎమ్మార్పీ, తయారీదారు పేరు, చిరునామా ఉండాలని తూనికలు కొలతల నిబంధనలు కూడా చెబుతాయి. ఆన్‌లైన్‌లో పెట్టినప్పుడు ఆ వివరాలు అక్కడా కనిపించాలి.

నాలుగేళ్లు దాటిన పిల్లలు ఏడాదికి సుమారు 5, 6 సెంటీమీటర్లు పెరుగుతారు. అంటే ఈ సంక్రాంతికి సరిపోయిన లంగా వచ్చే సంక్రాంతికి పొట్టిగా అయిపోతుంది. మన అమ్మమ్మలకు ఇది తెలుసు కాబట్టే లంగాకి టక్కులు, పక్క కుట్లలో లోపల గుడ్డ. నేను కుట్టించే ప్రతిదానికీ పక్కల ఒక అంగుళం, కింద రెండంగుళాల మడత వదలమని టైలర్‌కి చెబుతాను. ఆ మడత ఫొటో కూడా పెడతాను. మా అనుభవంలో ధర తగ్గించిన దానికంటే ఆ ఫొటోకే ఎక్కువ ఆర్డర్లు వచ్చాయి.

కొత్త లాట్ వచ్చిన రోజే అందులో ఒకటి ఉతికి ఆరేస్తాను. నూలు కుదించుకుపోతుందా, ఎరుపు రంగు తెల్ల లైనింగ్‌కి దిగుతుందా అప్పుడే తెలుస్తుంది. ఆ ఒక్క గౌను పోయినట్టే లెక్క, అయినా నష్టం కాదు. నెట్ గౌన్లకు లోపల మెత్తటి నూలు మల్ గుడ్డ లేకపోతే మా ఉక్కపోతలో పిల్లకి నడుమంతా దద్దుర్లు వస్తాయి. మెడ దగ్గర వేలాడే తాళ్లున్నవి నేను చిన్నపిల్లలకు అమ్మను. యూరప్ ప్రమాణాల్లో ఏడేళ్ల లోపు పిల్లల దుస్తులకు మెడ, టోపీ దగ్గర తాళ్లు ఉండకూడదు. ఇక్కడ ఎవరూ అడగకపోయినా, ఉయ్యాల తాడుకో గడియకో చిక్కుకుంటే ఏమవుతుందో ఆలోచించండి. మూడేళ్ల లోపు వాళ్లకు ఊడిపోయే పూసలు, ముత్యాల బొత్తాలు కూడా అంతే. కత్తెర తీసుకుని కత్తిరించేసి, అక్కడ ఎంబ్రాయిడరీ పువ్వు కుట్టిస్తాను.

సైజు తప్పితే ఏమవుతుందో లెక్క చూడండి. క్యాష్ ఆన్ డెలివరీలో పంపిన పార్సిల్ తీసుకోకుండా తిప్పి పంపితే, పోనూ రానూ కొరియర్ 140 రూపాయలు. ఒక గౌను మీద మిగిలేది 188. అంటే ఒక్క పార్సిల్ వెనక్కి వస్తే ఇంకో అమ్మకం లాభంలో మూడొంతులు పోయాయి. ఆ గౌను రెండు వారాలు దారిలోనే ఉంటుంది, ఈలోగా పండగ అయిపోతుంది. ఇప్పుడు నేను వంద రూపాయలు ముందుగా తీసుకుంటున్నాను. ఆ వంద కట్టినవాళ్లు దాదాపు ఎవరూ పార్సిల్ తిప్పి పంపలేదు. స్క్రీన్‌షాట్ చూసి మాత్రం పార్సిల్ కదపకండి, బ్యాంకు ఖాతాలో జమ పడిందో లేదో చూడండి.

కొరియర్ వాళ్లు బరువు ఒక్కటే చూడరు, పెట్టె ఎంత చోటు ఆక్రమిస్తుందో కూడా చూస్తారు. పొడవు, వెడల్పు, ఎత్తు సెంటీమీటర్లలో గుణించి చాలామంది 5,000తో భాగిస్తారు. నాలుగు వందల గ్రాముల నెట్ గౌనుని 40, 30, 12 సెంటీమీటర్ల పెట్టెలో పెడితే అది దాదాపు 2.9 కిలోల కింద లెక్క పడుతుంది. లోపల కాగితం పెట్టి చదునుగా మడిచి కవర్లో పంపితే కిలోలోపే. కోరాపుట్, గజపతి కొండల్లో చాలా పిన్ కోడ్‌లకు ప్రైవేట్ కొరియర్లు ‘మా సర్వీస్ లేదు’ అంటాయి. అక్కడికి పోస్టాఫీసే దిక్కు, నమ్మకంగా చేరుతుంది కూడా.

చిరిగినా, ఫొటోలో చూపించింది కాకపోయినా వెనక్కి తీసుకోవాల్సిందే. 2020 నాటి ఈ-కామర్స్ వినియోగదారుల నిబంధనలు క్రమం తప్పకుండా అమ్మే చిన్నవాళ్లకూ వర్తిస్తాయి. ‘నో రిటర్న్’ అని ప్రొఫైల్‌లో రాసేసుకుంటే సరిపోదు. సైజు మార్చి ఇవ్వడం మన ఇష్టం. నేను ఒకసారి ఉచితంగా మారుస్తాను, పంపే ఖర్చు మాత్రం వాళ్లది.

రెండు పంచాంగాలు

సరిహద్దు వల్ల ఇన్ని తిప్పలు చెప్పాను కదా, దాని వల్ల వచ్చే లాభమూ ఒకటుంది. మాకు పండగలు రెండు వరుసలు. తెలుగు ఇళ్లకు సంక్రాంతి, ఉగాది, దసరా. ఒడియా ఇళ్లకు జూన్ మధ్యలో రజ. ఆ మూడు రోజులూ ఆడపిల్లలు కొత్త బట్టలు కట్టి ఉయ్యాలలూగుతారు. అప్పటికి తెలుగు వైపు వ్యాపారం చప్పబడి ఉంటుంది. ఆ తర్వాత కార్తీక పౌర్ణమి దాటిన ఎనిమిదో రోజు ప్రథమాష్టమి. ఇంట్లో మొదటి బిడ్డకి మేనమామ ఇంటి నుంచి కొత్త బట్టలు రావాలి. మేనమామ భువనేశ్వర్‌లోనో బెంగళూరులోనో ఉంటాడు, బిడ్డ గంజాంలో ఉంటుంది, బట్టలు మా దగ్గర కొంటాడు. అన్నీ ఒడిశా అమ్మకాలే, దగ్గరి పార్సిళ్లే. రెండేళ్లకోసారి ఠాకురాణి యాత్ర వస్తే పిల్లలకు దేవుళ్ల వేషాలు కావాలి, అది వేరే హడావిడి.

ఈ ఏడాది ప్రథమాష్టమికి నెల ముందు నుంచే మేనమామల నంబర్లకు ఒక చిన్న సందేశం పెడుతున్నాను: ‘తమ్ముడూ, అక్కని అడిగి బిడ్డకి ఇప్పుడు సరిపోతున్న చొక్కా కొలత పంపించు.’ కొలత రాగానే పేరు, పిన్ కోడ్ పుస్తకంలో రాసుకుని గుడ్డ కత్తిరిస్తున్నాం. పండగకి పది రోజుల ముందు ఆర్డర్లు ఆపేస్తాను. ఆ తర్వాత అడిగినవాళ్లకు రెడీగా ఉన్నవే చూపిస్తాను.